నీటిపై నిలిచిన సంధ్య

వెనిస్ నగరానికి కాలువలే రాజవీధులు. ఆడ్రియాటిక్ సముద్రపుటంచున, ఉప్పునీటి మడుగులోని చిన్న చిన్న దీవులపై వెలసిన ఈ నగరంలో మేడలు గట్టుమీద ఎంత స్థిరంగా నిలిచి ఉన్నవో, నీటిలో అంత చంచలంగా కదలుతూ ఉంటవి. పదునెనిమిదవ శతాబ్దిలో కెనలెట్టో ఈ నగరాన్ని గవాక్షం విడువక, స్తంభం విడువక చిత్రించినాడు. 1908లో అచటికి వచ్చిన ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే పటాలలో ఆ లెక్కకు తావు లేదు. ఇది అశ్రద్ధయా, లేక వేరొక విధమైన శ్రద్ధయా అన్నది రచయితలు కూడ విచారింపదగిన విషయం.

ఇంప్రెషనిజం అనే పేరు ఎగతాళిగా పుట్టినది. లె హావ్ర్ రేవులోని ఉదయాన్ని చిత్రించి మోనే దానికి 'ఇంప్రెషన్, సూర్యోదయం' అని పేరిడినాడు. 1874లో పారిస్ ప్రదర్శనలో దానిని చూచిన లూయీ లెరోయి అనే విమర్శకుడు ఆ మాటనే పట్టుకొని హేళన చేసినాడు. ఆ హేళనయే క్రమంగా బిరుదమైనది. వస్తువుకు మార్పులేని రంగు అంటూ లేదనీ, కంటికీ వస్తువుకూ నడుమనున్న గాలి, తేమ, వెలుగు గడియగడియకూ దానిని వేరు చేయుచుండుననీ ఈ చిత్రకారుల విశ్వాసం.

వెనిస్ చేరునాటికి మోనేకు 67 ఏండ్లు. ఈ నగరం చిత్రించుటకు అందనంతటి అందమైనదని మొదట జంకినాడు. పిదప దినచర్యను గంటల చొప్పున విభజించుకొని, ఒక్కొక్క దృశ్యాన్ని ప్రతిదినమూ అదే వేళకు చిత్రించినాడు. వేళ మించగానే ఆ పటం ప్రక్కకు పోయి మరొకటి ముందుకు వచ్చేది. క్షణికమైనదానిని పట్టుటకు ఇంతటి నియమం అవసరమైనది. రెండు నెలల కాలంలో మొదలిడినవి 37 పటాలు.

వానిలో 'సంధ్యవేళ సాన్ జార్జో మజ్జోరే' నేడు వేల్సు దేశంలోని కార్డిఫ్ మ్యూజియంలో ఉన్నది. 1566లో పల్లాదియో నిర్మాణ మారంభించిన ఆ దేవాలయం ఇందులో రాతికట్టడంగా కన్పించదు. నీలిధూమ్రవర్ణపు నీడగా తేలుచున్నది. ఆకాశంలోని నారింజ, పసుపు, ఎరుపులే చిన్న చిన్న కుంచె గీతలుగా నీటిలోకి దిగినవి. గోపురానికీ ప్రతిబింబానికీ నడుమ గట్టు ఎక్కడున్నదో కన్ను తడుముకొనవలసినదే.

అయితే ఈ 'క్షణం' ఒక్క క్షణంలో పూర్తి కాలేదు. డిసెంబరులో మోనే అసంపూర్ణమైన పటాలతో జివెర్నీలోని తన యింటికి మరలినాడు. వెనిస్‌లో తనతో కూడ నుండిన భార్య ఆలీస్ 1911 మే నెలలో మరణించినది. ఆ దుఃఖానంతరం, కాలువలకు దూరంగా, కేవలం జ్ఞాపకబలంతో వానిని ముగించి, 1912లో పారిస్‌లో 29 పటాలను ప్రదర్శించినాడు. కంటి ఎదుటి వెలుగుతో ఆరంభమైనది మనస్సులో మిగిలిన వెలుగుతో పూర్తియైనది.

మన కావ్యాలలో నగరవర్ణన ఒక నియతాంగం. కోటలు, అగడ్తలు, మేడలు అన్నీ చెప్పినను నగరం కండ్లకు కట్టకపోవచ్చును. ఏది విడువవలెనో తెలియుటకు ముందు మోనే వలె అదే వేళకు, అదే చోటికి, మరల మరల పోయి చూడవలసి ఉండును. చూడక విడిచినది లోపం. చూచి విడిచినది శిల్పం.