పులిసిన మజ్జిగతో మెత్తని బిస్కత్తులు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున నున్న తుగ్గలి, పత్తికొండ, ఆదోని ప్రాంతములు చాలవరకు వానపై నాధారపడిన మెట్ట సీమలు. ఇచ్చటి రైతునకు వేరుశెనగ, ప్రత్తి రొక్కమునకును, జొన్న, కొర్ర తిండికిని, పాడి నిత్యపు ఖర్చునకును అక్కఱకు వచ్చును. అయినను వెన్న తీసిన పిమ్మట మిగులు మజ్జిగ ఎండదినములలో మిక్కిలి పులిసి, కొన్ని యిండ్లలో పారబోయబడుచున్నది. ఆ యింటి పిల్లలకే సాయంకాలము అంగడి బిస్కత్తు పొట్లములు కొనుచున్నారు. జొన్న పండించువాడు తన బిడ్డలకు మైదాతిండి వెలయిచ్చి కొనుట విపరీతము కాదా? పారబోయు మజ్జిగయే యీ ఖర్చును కొంత తగ్గింపగలదని సభ్యులకు మనవి చేయుచున్నాము.

బిస్కత్తనగా మనకు కరకరలాడు బిళ్ల. అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో నీ పేరు మెత్తగా పొంగిన చిన్న రొట్టెకు చెల్లును. అచ్చటి పల్లెలలోను వెన్న చిలుకు నిండ్ల మజ్జిగ మిగులుచుండెడిది. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చి యనువారు న్యూయార్కులో తినుసోడాను తయారుచేసి యమ్మసాగిరి. సోడా సులభముగ దొరకిన కొలది మజ్జిగతో రొట్టె పొంగించు పద్ధతి యిల్లిల్లు చేరెను.

ఇందలి కీలకము సులభము. పులిసిన మజ్జిగలో లాక్టికామ్లము గలదు. దానికి సోడా తగిలినంతనే బొగ్గుపులుసు వాయువు పుట్టి, పిండిలో బుడగలై రొట్టెను పొంగించును. పులుపును విరుగును. సోడా హెచ్చినచో రొట్టె సబ్బు రుచి వేయును. బట్టలుతుకు సోడా వేరు. దానిని వంటలో నెన్నడును వాడరాదు.

కావలసినవి: గోధుమపిండి 150 గ్రాములు, జొన్నపిండి 100 గ్రాములు, బెల్లము 60 గ్రాములు, వెన్న 75 గ్రాములు, చిక్కని మజ్జిగ 160 మిల్లీలీటర్లు, తినుసోడా తలకొట్టిన అర తేనీటి చెంచా, చిటికెడు ఉప్పు, కొంచెము ఏలకులపొడి. జొన్నలో గోధుమకుండు జిగురు లేదు గనుక జొన్నపిండి యొక్కటియే పొంగి నిలువదు.

మన మజ్జిగలో నీరు హెచ్చు. కుండను కదలింపక నిలిపి, పైకి తేలిన తేరునీటిని వంచి, అడుగుభాగమునే కొలువవలెను. బూజు పట్టినది, దుర్వాసన గలది పనికిరాదు. కళాయి లేని యిత్తడిపాత్రలో పోసిన కిలుము పట్టును. మట్టిదో, స్టీలుదో వాడవలెను. బెల్లమును మజ్జిగలో కరిగించి వడగట్టిన మడ్డి పోవును.

పిండ్లు, సోడా, ఉప్పు, ఏలకులపొడి కలిపి జల్లించి, చల్లనీటిలో నుంచిన గట్టివెన్నను వ్రేళ్లకొనలతో రవ్వవలె కలుపవలెను. వెన్న కరగకుండుటకు తెల్లవారుజామున చేయుట మేలు. పిమ్మట మజ్జిగ పోసి, ముద్ద యగునంతవరకే కలుపవలెను. రొట్టెపిండివలె మర్దించిన బిస్కత్తు గట్టిపడును. అంగుళము మందమున నద్ది, లోటా యంచుతో బిళ్లలు కోసి, వాయువు పోకమునుపే వేడికి చేర్పవలెను.

పొయ్యి విషయమున జంకవలదు. మందపాటి దబరలో అంగుళమెత్తు ఎండిన యిసుక పోసి, మూతపెట్టి, పావుగంట కాచి, కుదురుపై నెయ్యి రాచిన పళ్లెము నుంచి బిళ్లలు పేర్పవలెను. కట్టెలపొయ్యి యైనచో మూతపై కొన్ని నిప్పులు వేసిన పైభాగమును కాలును. సుమారు అరగంటకు అడుగు ఎఱ్ఱబడును. సన్నని పుల్ల గ్రుచ్చిన పిండి యంటకున్నచో దింపవచ్చును.

లెక్కయు నిజముగ చూచుకొనవలెను. మజ్జిగ, జొన్న ఇంటివే యైనను, వెన్నకు విలువ గలదు, వంటచెఱకునకు వెల గలదు. వెన్న నమ్ముకొనువారు దానికి బదులు 60 మిల్లీలీటర్ల వేరుశెనగనూనె వాడవచ్చును. పొరలు తగ్గినను మెత్తదనము పోదు. ఒకసారి కాగిన దబరలో నాలుగిండ్ల బిళ్లలు వరుసగా కాల్చుకొనినచో వంటచెఱకు కలిసివచ్చును. ఇవి తేమగల రొట్టెలు. ఎండకాలమున మఱునాటికి మించి నిలువవు. తీపి గలవి గనుక పిల్లలకు సంగటికి బదులుగ గాక, సాయంకాలమున నొకటి రెండే చాలును.

సహకారమనగా అప్పు తీసికొని తీర్చుట మాత్రమే కాదు. ఇంటి ధాన్యమును, ఇంటి పాడిని వ్యర్థము కానీయక ఇరుగుపొరుగు కలిసి యనుభవించుటయు సహకారమే. సభ్యులు తమ గృహిణులతో నాలోచించి, ఈ వారము పులిసిన మజ్జిగను పారబోయక, ఒక దబర బిస్కత్తులు చేసి చూడ గోరుచున్నాము.