గుండె నీరసించిన ఇంటికి తోడు

"హార్ట్ ఫెయిల్యూర్" అని డాక్టరుగారు అనగానే ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. పేరు భయంకరమే గాని, గుండె ఆగిపోయిందని దాని అర్థం కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపే శక్తి గుండెకు తగ్గిందని అర్థం. అందువల్ల పాదాలు వాస్తాయి, ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రాత్రి దిండు మీద దిండు వేస్తే గాని నిద్ర పట్టదు. అయినా మందులతోను, జాగ్రత్తతోను ఏళ్ళ తరబడి బ్రతుకుతున్నవారు ఎందరో ఉన్నారు.

చిక్కంతా ఆ జాగ్రత్తలోనే ఉన్నది. డాక్టరుగారు చూసేది కొద్ది నిమిషాలు. మిగిలిన కాలమంతా రోగి ఇంట్లోనే. చప్పిడి కూర వండి మాట పడేది, మాత్రలు లెక్కపెట్టేది, అర్ధరాత్రి దగ్గు విని లేచేది తరచు ఇల్లాలే. "ఆయనకెలా ఉంది?" అని అందరూ అడుగుతారు. "నీకెలా ఉందమ్మా?" అని అడిగేవారేరీ?

అడిగేవారు అదే బాధ పడినవారై ఉంటే మరీ మేలు. 1951లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, డాక్టర్ డ్వైట్ హార్కెన్ వద్ద గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని కోలుకున్న నలుగురు, ఆయన ప్రోత్సాహంతో "మెండెడ్ హార్ట్స్" అనే సంఘం పెట్టారు. అతుకుపడిన గుండెలని దాని భావం. గుండె మీద కత్తి పెట్టడమంటే ప్రాణాలతో చెలగాటమనుకునే రోజులవి. బ్రతికి బయటపడినవాడు వచ్చి కొత్త రోగి మంచం పక్కన కూర్చుంటే, అంతకు మించిన ధైర్యం ఏముంటుంది? ఆ సంఘం నేటికీ పనిచేస్తున్నది. ఇంగ్లండులో, గుండె నీరసించినవారి కొరకే "పంపింగ్ మార్వెలస్" అనే సంస్థను, ఆ జబ్బు వచ్చిన ఒకాయనే 2010లో ప్రారంభించారు.

ఇటువంటి కూటాలలో జరిగేది ఉపన్యాసం కాదు, కష్టసుఖాల కలబోత. రోజూ ఉదయం ఏమీ తినకముందే బరువు చూసుకొని పుస్తకంలో వ్రాస్తానని ఒకరంటారు. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్లే, వెంటనే డాక్టరుకు చెప్పాలని మరొకరు గుర్తు చేస్తారు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ లేక ముద్ద దిగని పెద్దాయనకు, నిమ్మరసం, జీలకర్రపొడితో సరిపెట్టుకోవడం కోడలు చెబితే కోపం. తోటి రోగి చెబితే ఉపదేశం! సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు కొన్ని మందులతో ప్రమాదమని, కీళ్ళనొప్పులకు కొనుక్కునే కొన్ని మాత్రలు ఈ జబ్బును ముదరబెడతాయని, డాక్టరునడగనిదే రెండూ వాడరాదని అక్కడే తెలుస్తుంది.

సేవచేసేవారు కాసేపు వేరుగా కూర్చోవడం మంచిది. రోగి ఎదుట అనలేని మాటలు, విసుగు, భయం, డబ్బు చిక్కులు అక్కడ బయటపడతాయి. విసుగు తనకొక్కదానికే కాదని తెలిస్తే సగం బరువు దిగుతుంది.

అయితే కూటం వైద్యం కాదు. ఒకరి మాత్ర మరొకరు మింగరాదు. ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా, గుండెలో నొప్పి వచ్చినా తిన్నగా ఆసుపత్రికే వెళ్ళవలెను.

మనం తరతరాలుగా ఇతర భాషల నడుమ కాపురమున్నవాళ్ళం. బజారులో అరవమో, కన్నడమో, ఒరియాయో, మరాఠీయో ధారాళంగా మాట్లాడతాం. కాని భయం, దుఃఖం వచ్చినప్పుడు నోట వచ్చేది అమ్మ నేర్పిన మాటే. ఉగాదికి, సంక్రాంతికి చేరే మన సంఘాలు నెలకొక్క గంట ఇందుకు కేటాయించలేవా? కావలసినవి మెట్లెక్కనక్కరలేని గది, వీపుకు ఆనుకునే కుర్చీలు, ఉప్పు తగ్గించిన ఫలహారం. నాలుగు కుటుంబాలు వచ్చినా చాలు. బోస్టనులో మొదలుపెట్టినవారూ నలుగురే గదా!