మందు నుంచి విషం వరకు: శరీరంలో క్షారమృత్తిక లోహాలు

టెల్కో కాలనీ (జంషెడ్‌పూర్): కర్మాగారం పేరు టాటా మోటార్స్‌గా మారి రెండు దశాబ్దాలు దాటినా, ఈ కాలనీని ప్రజలు నేటికీ టెల్కో పేరుతోనే పిలుస్తున్నారు. ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్‌లో ఇనుము గురించి తెలియనివారు అరుదు. అయితే ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమిలో మలినాలను తొలగించడానికి వాడే సున్నపురాయి, డోలమైట్‌లలోని కాల్షియం, మెగ్నీషియంలే మానవ దేహానికి కూడా ఆధారమన్న విషయం అంతగా ప్రస్తావనకు రాదు.

ఆవర్తన పట్టికలోని రెండవ సమూహంలో బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం అనే ఆరు మూలకాలున్నాయి. వీటిని క్షారమృత్తిక లోహాలంటారు. ఇవన్నీ రెండు ఎలక్ట్రాన్లను కోల్పోయి, రెండు ధనావేశాలు గల అయాన్లుగా మారతాయి. ఈ పోలిక కారణంగా శరీరం కొన్ని సందర్భాల్లో ఒక లోహాన్ని మరొకటిగా పొరబడుతుంది. వైద్యానికి ఈ పొరపాటే ఒకచోట ఉపకరణం, మరొకచోట ప్రమాదం.

వీటిలో మనిషి జీవనానికి అనివార్యమైనవి రెండే. వయోజనుని దేహంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, దంతాల్లో నిక్షిప్తమై ఉంటుంది. రక్తంలోనూ, కణాల్లోనూ ఉండే మిగిలిన స్వల్ప భాగమే కండరాల సంకోచాన్ని, గుండె స్పందనను, రక్తం గడ్డకట్టడాన్ని నడిపిస్తుంది. మెగ్నీషియం సుమారు 25 గ్రాములే ఉన్నా, వందలాది ఎంజైములు దానిపై ఆధారపడతాయి. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువు సాధారణంగా మెగ్నీషియంతో జతకట్టి పనిచేస్తుంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో గుర్తించిన అణువు ఇదే.

గర్భిణుల్లో రక్తపోటు పెరిగి మూర్ఛకు దారితీసే ప్రమాదమున్నప్పుడు వైద్యులు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ఈ ఔషధం మూర్ఛ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన నిర్ధారించింది. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. అందుకే ఈ చికిత్స సమయంలో మోకాలి ప్రతిచర్యను, శ్వాసను, మూత్ర పరిమాణాన్ని తరచూ పరీక్షిస్తారు. దీనికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. మెగ్నీషియం అణచివేసిన నరాల, కండరాల చర్యను దాని సోదర లోహమే తిరిగి నిలబెడుతుంది.

బేరియం విషయంలో ప్రాణాన్ని నిర్ణయించేది కరిగే గుణం. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి రాయలసీమలోని మంగంపేటలో ఉంది. బెరైటీస్ అంటే బేరియం సల్ఫేట్. అది నీటిలో గానీ, జీర్ణాశయంలోని ఆమ్లంలో గానీ దాదాపు కరగదు. ఔషధ ప్రమాణాలకు తగినట్లు శుద్ధి చేసిన బేరియం సల్ఫేట్‌ను రోగిచేత తాగించి, అన్నవాహికను, జీర్ణాశయాన్ని ఎక్స్‌రేలో చూస్తారు. పరీక్ష ముగిశాక అది మలంతో బయటకు పోతుంది. బేరియం కార్బొనేట్ మాత్రం కడుపులోని ఆమ్లంలో కరిగి, పొటాషియం కదలికలను అడ్డుకుని, కండరాలను, గుండెను దెబ్బతీస్తుంది. 2003లో బ్రెజిల్‌లో కార్బొనేట్‌తో కలుషితమైన ఎక్స్‌రే ద్రావణం తాగిన రోగులు మరణించారు.

స్ట్రాన్షియం, రేడియంలను ఎముక కాల్షియంగా భావించి తనలో చేర్చుకుంటుంది. అణు పరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం-90 పిల్లల దంతాల్లో చేరింది ఈ కారణంగానే. జంషెడ్‌పూర్‌కు సమీపంలోని జాదుగూడ యురేనియం గనుల ప్రాంతం. యురేనియం విచ్ఛిన్నక్రమంలో రేడియం-226 ఏర్పడుతుంది. దాని అర్ధాయువు 1,600 సంవత్సరాలు. ఖనిజశుద్ధి అనంతరం మిగిలే వ్యర్థాల్లో అది ఉంటుంది గనుక, ఇలాంటి చోట్ల నీటిని నిరంతరం పరీక్షించడం అవసరం. మరోవైపు, 11.4 రోజుల అర్ధాయువు గల రేడియం-223ను ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్సకు అమెరికా 2013లో ఆమోదించింది. విషాన్ని ఎముకకు చేర్చిన మార్గమే ఇక్కడ ఔషధాన్నీ చేరుస్తోంది.

బెరీలియానికి శరీరంలో ఏ ప్రయోజనమూ లేదు. దాని ధూళిని పీల్చిన కార్మికుల్లో కొందరికి దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. బెరీలియం కలిసిన మిశ్రలోహాలను కోసే, నూరే పనిచోట్ల ధూళి నియంత్రణ తప్పనిసరి.

కాబట్టి లోహం పేరును బట్టి అది మందో, విషమో తేల్చలేం. అది ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఏ మార్గంలో దేహంలోకి ప్రవేశించిందన్నదే నిర్ణాయకం. కాల్షియం, మెగ్నీషియం మాత్రలను సైతం, ముఖ్యంగా మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, వైద్యుల సలహా లేకుండా వాడరాదు.