పాత క్యాసెట్లలోని ప్రోగ్రాములను ఎందుకు, ఎలా కాపాడతారు?

బ్రిటన్‌లో 1982లో విడుదలైన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కు హార్డ్ డిస్కు లేదు. దాని ప్రోగ్రాములు పాటలు వినే మామూలు క్యాసెట్ల మీదే కీచుమనే శబ్దాలుగా నమోదై ఉండేవి. కంప్యూటర్ చదివే రెండు అంకెలలో సున్నాకు పొట్టి శబ్ద స్పందనలు, ఒకటికి వాటికి రెట్టింపు నిడివి గలవి వాడేవారు. టేపు మీది అయస్కాంత పూత కాలక్రమంలో పాడవుతుంది కాబట్టి, ఆ శబ్దాన్ని నేటి కంప్యూటర్‌లోకి ఎక్కించి, స్పందనల నిడివిని కొలిచి, తిరిగి అంకెలుగా మారుస్తారు. ప్రతి భాగం చివర సరిచూపు సంఖ్య, అంటే ముందున్న సమాచారం నుంచి లెక్కగట్టిన విలువ, ఉంటుంది; అది సరిపోలకపోతే మరో క్యాసెట్టు వెతకవలసి రావచ్చు. ఇలా దక్కిన ఫైలును ఎమ్యులేటర్, అనగా పాత యంత్రంలా ప్రవర్తించే కొత్త ప్రోగ్రాము, నడిపిస్తుంది.

అయితే ప్రోగ్రాము ఒక్కటే దక్కితే చాలదు. 1984 నాటి జెట్ సెట్ విల్లీ ఆట, దొంగ ప్రతులను అడ్డుకోవడానికి, క్యాసెట్టుతో పాటు ఇచ్చిన కార్డులోని ఒక గడిలో ఏ రంగులున్నాయో అడిగేది. అప్పటి జిరాక్స్ యంత్రాలు ఎక్కువగా నలుపు తెలుపువే కావడంతో ఇది తెలివైన ఉపాయమే. కార్డు పోగొట్టుకున్నవారికి, డబ్బు పెట్టి కొన్నా సరే, ఆట మొదలయ్యేది కాదు. అందుకే అట్టలను, మాన్యువళ్లను కూడా స్కాన్ చేస్తారు. ఇంట్లో పాత క్యాసెట్టు దొరికితే దానిలోని కాగితాన్ని పారేయకండి.