డిశ్చార్జి కౌంటరు దగ్గర సంతృప్తి పత్రం
సిబ్బంది, ఖర్చు, రోగి సంతృప్తి: ఒక ఆసుపత్రిని ఈ మూడింటితో తూచాలంటే ఏ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలి?

రామతీర్థంలో ఎవరికైనా జబ్బు ముదిరితే వెళ్లడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. బోధికొండ కింది ఈ ఊరు విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోది. మండల కేంద్రంలోనే మిమ్స్ అనే ప్రైవేటు వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే విజయనగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కాన్పులకు ఘోష ఆసుపత్రి. అక్కడా కాదంటే విశాఖ కేజీహెచ్. వీటన్నిటికంటే ముందు ఊళ్లోని విలేజ్ క్లినిక్, మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండనే ఉన్నాయి. ఆటో ఎక్కేముందు ఇంటిల్లిపాదీ తేల్చుకునేవి మూడే ప్రశ్నలు. డాక్టరు ఉంటాడా? ఎంతవుతుంది? బాగా చూస్తారా? సర్కారు లెక్కల్లో సిబ్బంది, చికిత్స వ్యయం, రోగి సంతృప్తి అనే పేర్లతో కనిపించేవి ఇవే.

ఈ మూడింటికీ విడివిడిగా కాగితాలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితేనే ఆసుపత్రి అర్థమవుతుంది. అయితే మూడింటినీ ఒకే తూకంతో నమ్మడానికి లేదు.

చరిత్ర క్లుప్తంగా ఇది. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లో మొదలైంది. కేజీహెచ్ దాని బోధనాసుపత్రి. విజయనగరం 1979 జూన్ 1న జిల్లా అయింది. 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్ చేతికి జిల్లా, ఏరియా ఆసుపత్రులు వెళ్లాయి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలి విడత శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలై, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా పాకింది. 2023 సెప్టెంబరు 15న విజయనగరంలో 150 ఎంబీబీఎస్ సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమై, పాత జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారింది. ప్రభుత్వాలతో పాటు పేర్లూ మారాయి. ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే.

ఖర్చు: ప్యాకేజీ లోపల, ప్యాకేజీ బయట

ఖర్చు గురించి దేశం మొత్తానికి ఆధారపడదగ్గ లెక్క 2017 జులై నుంచి 2018 జూన్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడతలో దొరుకుతుంది. కాన్పులు మినహా, గ్రామీణ ప్రాంతాల వారు ఒకసారి ఆసుపత్రిలో చేరితే వైద్యానికి అయిన సగటు ఖర్చు ప్రభుత్వాసుపత్రిలో 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు. ఆరు రెట్లు పైమాటే. కాన్పు ఖర్చులో తేడా ఇంకా పెద్దది: ప్రభుత్వంలో 2,404, ప్రైవేటులో 20,788. ఉచితమని రాసి ఉన్న చోట నాలుగు వేలు ఎందుకయ్యాయన్నదానికి జవాబు చాలామందికి అనుభవమే. స్టాకు లేని మందు బయట కొనాలి. మిషను పనిచేయకపోతే స్కానింగు బయట తీయించాలి.

ప్రైవేటు, ప్రభుత్వం మధ్య తేడా అంతా రేట్లదే అనుకోవడానికీ లేదు. ఏ వైద్యం చేశారన్నది కూడా బిల్లులో కలిసి ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 63 శాతం సిజేరియన్లు. ప్రభుత్వాసుపత్రుల్లో 26.6 శాతం. సగటు బిల్లులు పోల్చేవారు ఈ రెండో లెక్కను పక్కన పెట్టుకోకపోతే పోలిక సగమే అవుతుంది.

ఆరోగ్యశ్రీ కార్డున్న కుటుంబానికి ఈ తేడా చాలావరకు చెరిగిపోవాలి. ప్యాకేజీలో ఏమేమి కలిసి ఉంటాయో పథకం నిబంధనలు వివరంగా చెబుతాయి. జనరల్ వార్డు మంచం, నర్సింగు, డాక్టర్ల ఫీజులు, మత్తుమందు, ఆపరేషన్ థియేటరు, రక్తం, ఆక్సిజను, శరీరంలో అమర్చే పరికరాలు, పరీక్షలు, మందులు, రోగికి భోజనం. ఆఖరున ఒక చిన్న మాట ఉంది: ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లడానికి ఒకసారి ఆర్టీసీ బస్సు చార్జీ లేదా రెండో తరగతి రైలు చార్జీ. వెళ్లేటప్పటిది మాత్రమే, వచ్చేటప్పటిది కాదు.

ఈ జాబితాను తయారుచేసినవారికి రోగి ఇల్లు గుర్తుంది. ఒక ప్రభుత్వ పథకంలో అది మెచ్చుకోదగ్గ విషయం. రోగితో పాటు వచ్చిన మనిషి తిండి, అటూఇటూ తిరిగిన ఆటోలు, ఇంట్లో ఇద్దరికి పోయిన కూలి మాత్రం జాబితాకు అందలేదు. కూలి నష్టాన్ని కొంతైనా పూడ్చడానికి 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, రోగి కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వడం మొదలైంది. తోడుగా వచ్చినవారి కూలికి ఏ లెక్కా లేదు. బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపిన 2024 మే, 2025 అక్టోబరు లాంటి రోజుల్లో చేతిలో కార్డు ఉండి కూడా అక్కరకు రాదు.

సంతృప్తి: ఒక సంతకం

ఆరోగ్యశ్రీ రోగి ఇంటికి వెళ్లే రోజున ఆసుపత్రి కొన్ని కాగితాలు సిద్ధం చేసుకోవాలి. క్లెయిము పెట్టాలంటే ఇవన్నీ కంప్యూటరులో ఎక్కాలి: డిశ్చార్జి సమ్మరీ, డిశ్చార్జి వేళ రోగి ఫొటో, దారి ఖర్చులు ముట్టినట్టు రసీదు, వీటితో పాటు రోగి సంతకం చేసిన సంతృప్తి పత్రం. ఈ ఫైలులో నిదానంగా చూడాల్సిన కాగితం ఇదే.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అన్న మూడు ప్రశ్నలు వేస్తే చాలు, దాని బలమెంతో తెలిసిపోతుంది. అడిగేది డిశ్చార్జి రోజున. కుట్లు ఇంకా విప్పలేదు, జ్వరం తిరగబెడుతుందో లేదో తెలియదు. అడిగే చోటు ఆసుపత్రి. మళ్లీ చూపించుకోవడానికి రావాల్సింది ఇక్కడికే, పది రోజుల మందులు ఇవ్వాల్సిందీ వీళ్లే. అడిగేది, ఆ కాగితం లేకపోతే డబ్బు ఆగిపోయే ఆసుపత్రి మనిషి. సంచులు సర్దుకుని, బస్సు వేళ చూసుకుంటూ నిలబడ్డ కుటుంబం ముందు కాగితం పెట్టి సంతకం చేయమంటే ఎవరు కాదంటారు? చదువు రాని ముసలామెకైతే ఎడమచేతి బొటనవేలికి సిరా రాసి, ముద్ర ఎక్కడ వేయాలో చూపిస్తారు. పైన ఏం రాసుందో చదివి వినిపించే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

ఆ పత్రం వ్యర్థమని కాదు. చికిత్స నిజంగా జరిగిందనీ, మనిషి ప్రాణాలతో ఇంటికి వెళ్లాడనీ అది సాక్ష్యం. దొంగ క్లెయిములను పట్టుకోవడానికి అలాంటి సాక్ష్యం కావాలి. దాన్ని రసీదుగా చదివితే సరిపోతుంది. ‘మా రోగులంతా సంతృప్తిగా ఉన్నారు’ అనే శాతంగా చదివితే తప్పవుతుంది.

ఆ శాతంలో లేనివాళ్లనూ గుర్తుంచుకోవాలి. పెద్దాసుపత్రికి రాసేసి పంపిన రోగి ఇందులో లేడు. డబ్బులు చాలకో, నమ్మకం పోయో వైద్యుల సలహా కాదని మధ్యలో వెళ్లిపోయినవాడు లేడు. ప్రాణం పోయినవాడు ఎలాగూ లేడు. వైద్యం అందక బాగా బాధపడ్డవాళ్లే లెక్కలోంచి తప్పుకుంటే మిగిలిన అంకె బాగుండక ఏమవుతుంది!

ఇంతకంటే మెరుగైన పద్ధతులు లేకపోలేదు. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో తెచ్చిన ‘మేరా అస్పతాల్’ విధానంలో రోగి ఇంటికి చేరాక ఫోను ద్వారా అభిప్రాయం అడుగుతారు. అసంతృప్తి అన్నవారిని కారణం కూడా చెప్పమంటారు: సిబ్బంది ప్రవర్తన, శుభ్రత, వైద్యం నాణ్యత, ఖర్చు, ఇతరాలు. వీటిలో మొదటి రెండింటి దగ్గర కొంచెం ఆగాలి. రోగితో ఎక్కువసేపు మాట్లాడేది, మరుగుదొడ్డి కడిగేది, స్ట్రెచర్ తోసేది, గేటు దగ్గర ఆపేది చాలావరకు అవుట్‌సోర్సింగ్ సిబ్బంది. ఆసుపత్రికి వచ్చే మార్కులు ఎక్కువగా ఆధారపడేది అందులో అందరికంటే తక్కువ జీతం, ఏజెన్సీ దయ మీద ఉద్యోగం ఉన్న మనుషుల మీద. ‘ప్రవర్తన బాగాలేదు’ అన్న గడిలో వార్డుబాయ్ చేయి చాపడం, రాత్రంతా ఒంటరిగా డ్యూటీ చేసిన నర్సమ్మ విసుక్కోవడం ఒకే లెక్కన పడతాయి. మొదటిది లంచం, రెండోది అలసట. రెండింటికీ మందు ఒకటి కాదు.

అమెరికాలో 2008 నుంచి ఫలితాలు బయటపెడుతున్న హెచ్‌క్యాప్స్ సర్వే ఇంకో మెట్టు ముందుంది. రోగి ఇంటికి వెళ్లి 48 గంటలు గడిచే దాకా అడగరు. అడిగేటప్పుడు కూడా సంతృప్తా అని సరిపెట్టరు. నర్సులు మీ మాట ఎంత తరచుగా శ్రద్ధగా విన్నారు, మందు దేనికో చెప్పారా లాంటి జరిగిన సంగతులు అడుగుతారు. మెప్పు కోసమో మొహమాటానికో కాకుండా గుర్తున్నది చెప్పే వీలు అక్కడ ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ తేడా ఇంకా ముఖ్యం. ధర్మాసుపత్రిలో పైసా తీసుకోకుండా చూసిన డాక్టరు మీద ఫిర్యాదు చెప్పడం ఇక్కడ కృతఘ్నత కింద లెక్క.

సిబ్బంది: వారానికి ఇరవై ఒక్క షిఫ్టులు

మూడు కాగితాల్లో అన్నిటికంటే తక్కువమంది చూసేది, అన్నిటికంటే నిజం చెప్పేది సిబ్బంది పట్టిక. అందులోనూ ‘మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీలు’ అనే మూడు గడుల దగ్గర ఆగిపోకుండా డ్యూటీ చార్టు దాకా వెళ్లాలి.

2012 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కాన్పులు తక్కువగా జరిగే కేంద్రానికి తప్పనిసరిగా ఉండాల్సిన స్టాఫ్ నర్సులు ముగ్గురు. రోజుకు మూడు షిఫ్టులు, షిఫ్టుకు ఒకరు. వినడానికి సరిపోయింది. ఇప్పుడు వారం లెక్క వేస్తే షిఫ్టులు 21. వారానికొక సెలవు పోను ఒక్కో నర్సు చేసేది ఆరు డ్యూటీలు, ముగ్గురివి కలిపి 18. మూడు షిఫ్టులకు మనిషి లేదు. ఒక నర్సు ప్రసూతి సెలవులో వెళితే 12 డ్యూటీలు, తొమ్మిది షిఫ్టులు ఖాళీ. అప్పుడు కూడా పట్టికలో ఖాళీ పోస్టు గడిలో సున్నాయే ఉంటుంది. ఈ తొమ్మిది షిఫ్టుల్ని మిగిలిన ఇద్దరూ సెలవులు వదులుకుని, రెండేసి డ్యూటీలు చేసి మోస్తారు. లేదంటే రాత్రి తలుపు తట్టినవారిని ఇంకో ఊరికి పంపుతారు.

డాక్టర్ల లెక్కలోనూ ఇలాంటి మెలిక ఉంది. రాష్ట్రంలో ఒక్కో ప్రాథమిక కేంద్రానికి ఇద్దరు డాక్టర్లుండాలన్నది విధానం. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో వారిలో ఒకరు 104 వాహనంతో ఊళ్లకు వెళితే ఒకరు కేంద్రంలో ఓపీ చూడాలి. ఊరికి డాక్టరు రావడం ముసలివారికి, మంచం పట్టినవారికి పెద్ద మేలు. అయితే ఇద్దరున్నారని బోర్డు చూసి వచ్చినవారికి కనిపించేది ఒక్కరే.

అవే 2012 ప్రమాణాల ప్రకారం ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి ఐదుగురు స్పెషలిస్టులు ఉండాలి: ఫిజీషియన్, సర్జన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు. ఒక్కొక్కరే. మత్తు డాక్టరు ఒక్కరే అయినప్పుడు ఆయన ఇరవై నాలుగు గంటలూ ఉండలేడు. గైనకాలజిస్టు సిద్ధంగా ఉన్నా అర్ధరాత్రి సిజేరియన్ ఆగిపోతుంది. నిండు నెలల మనిషిని అంబులెన్సులో విజయనగరమో విశాఖో పంపుతారు. సిబ్బంది పట్టికలోని లోటు ఇక్కడే కుటుంబం ఖర్చులోకి దిగుతుంది. తోడు వెళ్లినవారికి పూటపూటా భోజనం, అద్దె గది, తిరుగు ప్రయాణం. పంపించేసిన కేంద్రం సంతృప్తి లెక్కలో ఆమె పేరే ఉండదు కాబట్టి ఆ శాతం చెక్కుచెదరదు.

నర్సుల సంఖ్య మర్యాదకు సంబంధించిన విషయమనుకునేవారు అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన చూడాలి. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగుల మీద జరిగిన అధ్యయనమది. నర్సు చూడాల్సిన రోగుల్లో ఒక్కరు పెరిగినా, ముప్పై రోజుల్లోపు మరణించే అవకాశం ఏడు శాతం పెరుగుతున్నట్టు తేలింది.

విజయనగరం బోధనాసుపత్రిని కేజీహెచ్‌తో పోల్చేటప్పుడు ఇంకో సంగతి కలపాలి. పాత వైద్య కళాశాలల్లో రాత్రిపూట వార్డును నిలబెట్టేది పీజీ విద్యార్థులు, హౌస్ సర్జన్లు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు కాబట్టి 2023లో చేరిన తొలి బ్యాచ్ హౌస్ సర్జన్లుగా వార్డుల్లోకి రావడం 2028లోనే. అప్పటిదాకా ప్రొఫెసర్ల జాబితా ఎంత పొడవున్నా, రాత్రి రెండు గంటలకు మంచం దగ్గరికి రాగల చేతులు ఆ స్థాయి ఆసుపత్రికి ఉండాల్సినన్ని ఉండవు. ఈ మధ్యకాలానికి నర్సులు, డ్యూటీ డాక్టర్ల పోస్టులు అదనంగా ఇవ్వడం ప్రభుత్వం చేయాల్సిన పని. భవనాలకు పెట్టిన ఖర్చులో అది చిన్న భాగమే.

బాక్స్: అడిగితే దొరికే కాగితాలు

ప్రైవేటు ఆసుపత్రులు, నర్సింగ్‌హోములు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్టరు కావాలి. ఫీజుల వివరాలు రోగులకు కనిపించేలా పెట్టాలి. చేరేముందే ఆ బోర్డు ఎక్కడుందని అడగవచ్చు.

ప్రభుత్వాసుపత్రి ఉద్యోగుల జాబితా, వారి జీతభత్యాలు సమాచార హక్కు చట్టం 4(1)(బి) సెక్షను ప్రకారం ఎవరూ అడగకుండానే ప్రకటించాల్సినవి. గడచిన నెల నర్సుల డ్యూటీ చార్టు, వేరే ఆసుపత్రులకు పంపిన రోగుల సంఖ్య కోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. పది రూపాయలకు మించని ఫీజు, ముప్పై రోజుల గడువు.

నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటి చోట్ల పనిచేసే కార్మికులకు ఈఎస్‌ఐ వేరే దారి. నెల జీతం 21,000 లోపు ఉన్నవారి నుంచి 0.75 శాతం, యాజమాన్యం నుంచి 3.25 శాతం జమవుతుంది. ఆ చందా ఆగకుండా కడుతున్నారో లేదో జీతం చీటీలో చూసుకోవాల్సింది జబ్బు రాకముందు.