అడవి దారిలో బండి, నమ్మకమైన మేస్త్రి: అపోహలు – వాస్తవాలు

రాములవారి ఊరి పేరు పెట్టుకున్న ‘భద్రాచలం రోడ్’ రైల్వే స్టేషన్ ఉన్నది ఊళ్లో కాదు, నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో. అక్కడ దిగిన భక్తులను గుడికి, గుడి నుంచి 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలకు చేర్చేది ఈకో, మ్యాజిక్, వింగర్ వ్యాన్లే. సంత రోజున ఏజెన్సీ గూడేల జనాన్ని, వాళ్ల మూటలను మోసేవీ అవే. భద్రాచలం పొలిమేర దాటగానే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. చింతూరు మీదుగా ఇంకా పైకి పోతే కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్. ఈ దారుల్లో బండి మొరాయిస్తే ఆ రోజు కిరాయి పోవడమే కాదు, పిల్లాపాపలతో ఉన్న ప్రయాణికులు అడవి మధ్య చిక్కుకుంటారు. అందుకే ఇక్కడ మంచి మేస్త్రి దొరకడం బతుకుతెరువుకు సంబంధించిన సంగతి. షోరూం ఖర్చు భరించలేక సొంత షెడ్డు మేస్త్రి కోసం వెతికేవాళ్లను తప్పుదారి పట్టించే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిని వదిలించుకోవాలి.

అపోహ 1: షోరూం బయట చేయి వేయిస్తే వారంటీ మొత్తం పోతుంది.

వాస్తవం: 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నది ఆ కేసులో ప్రధాన ఆరోపణ. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు పెట్టకూడదనీ, బయటి పని సరిగా లేక జరిగిన నష్టం మేరకే రద్దు చేయవచ్చనీ కమిషన్ చెప్పింది. కంపెనీలు దీనిమీద అప్పీలుకు వెళ్లాయి. కాబట్టి కౌంటర్ దగ్గర ఈ ఆదేశం చూపించి వాదించడం కంటే రుజువులు దగ్గర పెట్టుకోవడం మేలు. ఉచిత సర్వీసులు కంపెనీ వర్క్‌షాపులోనే చేయించండి. బయట ఆయిల్ మార్పించినా తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు రాసిన బిల్లు తప్పక తీసుకోండి. వారంటీ దాటిన బండికి ఈ భయమే అక్కర్లేదు.

అపోహ 2: మజూరీ తక్కువ అడిగిన మేస్త్రే చవక.

వాస్తవం: ముందు చక్రాలకు బ్రేకు ప్యాడ్లు వేయడానికి ఒకరు 300, మరొకరు 500 అడిగారనుకుందాం. మొదటాయన పాతవి పీకి కొత్తవి పెట్టి పంపాడు. రెండో ఆయన కాలిపర్ పిన్నులు బయటికి తీసి, మట్టి తుడిచి, గ్రీజు రాసి బిగించాడు. పిన్నులు పట్టేస్తే ప్యాడు ఒకవైపే అరుగుతుంది, చక్రం వేడెక్కుతుంది, చివరకు డిస్కు గీతలు పడుతుంది. అప్పుడు డిస్కు మార్చడానికయ్యే ఖర్చు ముందు ఆ 200 మిగులు ఏ మూలకూ రాదు. ఏడాది పొడవునా బండికి పెట్టినదంతా కూడి, తిరిగిన కిలోమీటర్లతో భాగించి చూడండి. చవకో ఖరీదో అక్కడ తేలుతుంది. ఈ లెక్క వేయాలంటే డ్యాష్‌బోర్డులో ఒక నోటుపుస్తకం ఉండాలి. అందులో మీరు రాసుకున్న అంకెలను మించిన సలహాదారు లేడు.

అపోహ 3: కంపెనీ డబ్బాలో వచ్చిందే అసలు, మిగతాదంతా డూప్లికేట్.

వాస్తవం: బండి కంపెనీలు అన్ని భాగాలనూ సొంతంగా తయారుచేయవు. బ్రేకులు, స్టార్టర్లు, ఫిల్టర్లు, స్టీరింగ్ సామాను లాంటివి చాలావరకు బాష్, లూకాస్ టీవీఎస్, బ్రేక్స్ ఇండియా, రానే లాంటి సంస్థల నుంచి వస్తాయి. పాత మేస్త్రీలు ‘మైకో’ అని పిలిచేది నేటి బాష్‌నే. ఆ సంస్థలే తమ సొంత పేరుతో అమ్మే సామాను చాలాసార్లు తక్కువ ధరకు దొరుకుతుంది. భయపడాల్సింది వీటి పేర్లను దొంగిలించి అమ్మే నకిలీలకు. డబ్బా మీద పార్టు నంబరు, గరిష్ఠ ధర, తయారీ తేదీ ఉన్నాయా చూడండి. ధర మరీ సగానికి సగం ఉంటే అనుమానించండి. ఆయిల్ డబ్బా సీలు మీ కళ్ల ముందే తీయించండి. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేస్తే దాన్ని మళ్లీ నింపి అమ్మేవాళ్లకు దారి మూసినట్లే.

అపోహ 4: మంచి పని కావాలంటే పెద్ద ఊరి ఆటోనగర్‌కే పోవాలి.

వాస్తవం: ఇంజిన్ బోరు, డీజిల్ పంపు, ఇంజెక్టర్ల లాంటి పనులకు ఖమ్మమో విజయవాడో పోవడం సబబే. వాటికి ప్రత్యేక యంత్రాలు కావాలి. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు, క్లచ్ ప్లేటు, కమాను కట్టలు, చక్రాల బేరింగులు భద్రాచలంలో, గోదావరి వంతెన అవతల సారపాకలో, పాల్వంచలో చేసుకోదగిన పనులే. దగ్గరి మేస్త్రితో మరో లాభముంది. పని తేడా వస్తే మర్నాడు పొద్దున్నే అదే షెడ్డు ముందు బండి ఆపి అడగవచ్చు. ఈ రోడ్ల మీద ఏ బండికి ఏ భాగం ముందు పోతుందో ఆయన చేతులకు తెలుసు.

అపోహ 5: పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఏదీ ముట్టుకోనక్కర్లేదు. రేడియేటర్‌కు మంచినీళ్లు చాలు.

వాస్తవం: అదే పుస్తకంలో దుమ్ము రోడ్లు, అధిక బరువు, దగ్గర దగ్గర ట్రిప్పుల లాంటి కఠిన వాడకానికి ఇంకా ముందే మార్చాలని కూడా రాసి ఉంటుంది. మణుగూరు బొగ్గు లారీల వెనక, ఎర్రమట్టి అడవి బాటల్లో తిరిగే బండిది ఆ లెక్కే. అన్నిటికంటే ముందు మూసుకుపోయేది ఎయిర్ ఫిల్టర్. చవకైన ఆ ఒక్క వస్తువును నిర్లక్ష్యం చేస్తే మైలేజీ పడిపోతుంది, దుమ్ము లోపలికి చేరితే ఇంజిన్ అరుగుతుంది.

మారేడుమిల్లి ఘాట్‌రోడ్డులో దిగే బండికి బ్రేకు ఆయిల్ ప్రాణం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీల దాకా పడిపోవచ్చు. దిగువకు వస్తూ బ్రేకు మీదే కాలు ఉంచితే ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ నేలకు తాకుతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి, దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. ఇక రేడియేటర్ సంగతి. నీళ్లు తుప్పు పట్టిస్తాయి, సున్నం పొర కడతాయి. కూలంట్ మరిగే స్థాయిని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. దారిలో ఆపదకు నీళ్లు పోసినా ఊరు చేరాక కూలంట్ నింపించాల్సిందే.

అపోహ 6: బీఎస్-6 బండి సొంత షెడ్డులో పనికిరాదు, కంప్యూటర్ చెప్పిందే సరి.

వాస్తవం: 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో సెన్సార్లు పెరిగిన మాట నిజం. వాటి లోపాల కోడ్‌లు చదివే స్కానర్లు ఇప్పుడు బయటి ఎలక్ట్రీషియన్ల దగ్గరా ఉన్నాయి. కోడ్ మాత్రం రోగ లక్షణాన్నే చెబుతుంది. ఎలుక కొరికిన వైరుకు కూడా సెన్సార్ పోయిందన్న కోడే రావచ్చు. కొత్త సెన్సార్ కొనిపించే ముందు వైరు, కనెక్టరు చూసే మేస్త్రి మీకు డబ్బు మిగిలిస్తాడు. మసి వడపోత ఉన్న డీజిల్ బండికైతే పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోయించండి. వేరే ఆయిల్ బూడిద ఆ వడపోతను పూడ్చేస్తుంది.

అపోహ 7: వరదనీళ్లలో నిలిచిన బండి ఆరితే మళ్లీ తిరుగుతుంది.

వాస్తవం: 2022 జూలైలో ఇక్కడ గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరద లేకపోయినా వానాకాలంలో వాగులు దాటక తప్పదు. ఇంజిన్‌లోకి నీరు పోయిన బండిని స్టార్ట్ చేస్తే పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాళం ముట్టుకోకుండా తోయించి షెడ్డుకు చేర్చండి. వెనక చక్రాలు లాగే వ్యాన్లలో క్రౌన్ హౌసింగ్ తిరిగి తిరిగి వేడెక్కి ఉంటుంది. చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ గుండా నీటిని పీలుస్తుంది. గేరాయిల్ పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే వెంటనే మార్చాలి.

అపోహ 8: ఎఫ్.సి. వచ్చిందంటే బండికి ఢోకా లేదు.

వాస్తవం: రవాణా బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది పరీక్ష జరిగిన రోజు పరిస్థితికే హామీ. మర్నాటి నుంచి బాధ్యత మనదీ, మన మేస్త్రిదీ.

అపోహ 9: పని చెడగొడితే తిట్టుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

వాస్తవం: బిల్లు ఉంటే చేయవచ్చు. 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. స్వయంగా నడుపుకుని బతకడానికే కొన్న బండినీ, సామానునూ ఈ చట్టం వ్యాపార కొనుగోలుగా లెక్కించదు.

మరి మేస్త్రిని ఎంచుకోవడమెలా? మీలాంటి బండినే నడిపే ముగ్గురు డ్రైవర్లను విడివిడిగా అడగండి. రెండుసార్లు వినిపించిన పేరు దగ్గరికి ముందు చిన్న పనితో వెళ్లండి, ఆయిల్ మార్పుకో, బ్రేకు సర్దుబాటుకో. “అన్నా, తీసిన పాత పార్టు నాకియ్యి” అని మర్యాదగా అడగండి. మంచి మేస్త్రి నొచ్చుకోడు, అది ఎందుకు పోయిందో చేతిలో పెట్టి చూపిస్తాడు. పాత ఆయిల్‌ను కాలవలో పారబోయకుండా డ్రమ్ములో పడుతున్నాడా చూడండి. గోదావరి గట్టున ఆ జాగ్రత్త ఉన్నవాడికి మీ బండి నట్ల మీదా జాగ్రత్త ఉంటుంది. అలాంటివాడు దొరికాక మజూరీ దగ్గర పది రూపాయలకు గీచి బేరమాడకండి. రాత్రివేళ చింతూరు దారిలో మీ బండి ఆగితే ఆ షెడ్డు నుంచే కదా ఎవరో టార్చిలైటు, పానాలు పట్టుకుని బయల్దేరాలి.