మీకు తెలుసా? ఆ గుసగుసల పేరు నీళ్ల పీపాది!

తోటి ఉద్యోగుల మధ్య గుసగుసలను ఇంగ్లిషులో ‘స్కటిల్‌బట్’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం ఓడలోని మంచినీళ్ల పీపా. ‘బట్’ అంటే పెద్ద చెక్క పీపా, ‘స్కటిల్’ అంటే కన్నం పెట్టడం. నీళ్లు ముంచుకోవడానికి వీలుగా కన్నం కోసిన పీపాను డెక్ మీద ఉంచేవారు. దాహానికి వచ్చిన నావికులు అక్కడే కాసేపు నిలబడి కబుర్లాడుకునేవారు. 20వ శతాబ్దం తొలినాళ్లకల్లా అమెరికా నౌకాదళంలో ఆ కబుర్లకే పీపా పేరు స్థిరపడింది.

ఆస్ట్రేలియా సంగతి ఇంకా ముచ్చటైనది. అక్కడ గాలివార్తను ‘ఫర్ఫీ’ అంటారు. అది ఒక ఇంటిపేరు! విక్టోరియా రాష్ట్రం షెపర్టన్‌లో జాన్ ఫర్ఫీ ఫౌండ్రీ తయారుచేసిన నీళ్లబండ్ల మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో (1914-18) సైనిక శిబిరాలకు నీళ్లు తెచ్చినవి ఆ బండ్లే. తోలేవాళ్లు నీళ్లతోపాటు ఊసులూ మోసుకొచ్చేవారు, చాలావాటికి తలాతోకా ఉండేది కాదు. జాన్ ఫర్ఫీ చర్చిలో ప్రబోధాలు చేసిన మనిషి. అలాంటివాడి ఇంటిపేరు ఆధారంలేని మాటకు అంటుకుపోవడం మనసుకు కష్టంగానే ఉంటుంది.

నేటి ఆఫీసుల్లో ఆ పీపా చోటు వాటర్ కూలర్‌ది.